బదరీవృక్షము క్రింద కూర్చున్న బిడ్డలు

వేదపాఠము: 1 రాజులు 19:1–18. దీనితోకూడ నెహెమ్యా 6:1–9. అపొస్తలుల కార్యములు 16:25–34 చదువుకొనవలెను.



ఈ మాసపు పాఠము పట్టణమునకు వెళ్లిన మన బిడ్డలను గూర్చినది. మన సంఘములలో అనేక యిండ్లనుండి ఒక కుమారుడో కుమార్తెయో హైదరాబాదు చేరియున్నారు. కొందరు మాదాపూర్, మియాపూర్, కూకట్‌పల్లి ప్రాంతముల హాస్టళ్లలో ఇంటర్మీడియేటు చదువుచున్నారు. మరి కొందరి తలిదండ్రులే గచ్చిబౌలిలోను కొండాపూర్‌లోను మేడలు కట్టు పనికి, కావలి పనికి, ఆఫీసులు ఊడ్చి తుడుచు పనికి వెళ్లి, అక్కడనే ఒక గది అద్దెకు తీసికొని పిల్లలను పెంచుచున్నారు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అను కట్టడము 1998లో తెరువబడెను. 2003లో ఆ ప్రాంతమునకు సైబరాబాదు అను పేరుతో ప్రత్యేక పోలీసు కమిషనరేటు ఏర్పడెను. మన పెద్దలలో కొందరు కరవు దినములలో మెదకు దేవాలయపు పనికి రాళ్లు మోసి పొట్టపోసికొన్నారు. ఆ ఆలయము 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడెను. వారి మునిమనుమలు ఇప్పుడు అద్దాల మేడలకు ఇటుకలు మోయుచున్నారు. పొట్టకూటికై పట్టణమునకు పోవుట మనకు క్రొత్త కాదు. అయితే ఆ బిడ్డల చేతిలోని ఫోను మనకు క్రొత్తది, దానిద్వారా వచ్చు బాధ అంతకంటె క్రొత్తది.

తొమ్మిదవ తరగతి చదువు ఒక బాలికను తలంచుకొనుడి. ఆమె తండ్రి ఒక పెద్ద అపార్ట్‌మెంటు వాకిట కావలివాడు. తరగతి పిల్లలందరు వాట్సాపులో ఒక గ్రూపు పెట్టుకొన్నారు. ఒకనాటి సాయంకాలము ఎవడో ఆమె తండ్రి యూనిఫారము ఫోటో అందులో పెట్టి ఒక పరిహాసపు మాట వ్రాసెను. పదిమంది నవ్వుబొమ్మలు పంపిరి. మరునాడు ఆమె రంగును గూర్చి, ఆమె కులమును గూర్చి మాటలు వచ్చెను. మూడవనాడు ఆమె ముఖమును వేరొక స్త్రీ దేహమునకు అతికించిన బొమ్మ వచ్చెను. బొమ్మ ఎవరు చేసిరో తెలియదు. ఎవరెవరు చూచిరో తెలియదు. ఆమె అన్నము తినలేదు. తల్లి అడిగినప్పుడు తలనొప్పి అని చెప్పెను. ఈ బాలిక నా ఊహలోనిది. అయినను బడి పంతుళ్లను అడిగినయెడల ఇట్టి సంగతి తాము ఎరుగుదుమని వారు చెప్పుదురు.

మన చిన్నతనములో ఏడిపించువారు లేకపోలేదు. బావియొద్ద, బడి దారిలో, పశువులు మేపుచోట మాటలు పడినవారమే. అయితే సాయంకాలమునకు ఇల్లు చేరినప్పుడు తలుపు వేసికొనుటకు వీలుండెను. తల్లి చెంగు చాటున ఆ మాట వినబడకుండెను. ఇప్పుడు ఆ మాట దిండు క్రిందనే పండుకొనుచున్నది. అర్ధరాత్రి ఫోను మెరసినప్పుడెల్ల మరల వినబడుచున్నది. నోటి మాట గాలిలో కలిసిపోవును గాని వ్రాసిన మాటయు బొమ్మయు నిలిచియుండి ఒకరి చేతినుండి వేరొకరి చేతికి పోవుచుండును. వ్రాసినవాడు ముఖము దాచుకొనియుండును గనుక అతనికి బిడ్డ కన్నీరు కనబడదు.

ఇప్పుడు మన పాఠమునకు వచ్చెదము. ఏలీయా ఎట్టివాడు? కర్మెలు పర్వతముమీద 450 మంది బయలు ప్రవక్తల యెదుట ఒంటరిగా నిలిచినవాడు. అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలువరకు పరుగెత్తిన బలవంతుడు. అట్టివానిని పడద్రోసినదేమి? ఖడ్గము కాదు, సైన్యము కాదు. ఒక వార్త. రేపటి యీ వేళకు నీ ప్రాణము తీయించెదనని యెజెబెలు ఒక దూతచేత చెప్పి పంపెను. ఆమె రాలేదు, ముఖము చూపలేదు. నిజముగా చంపదలచినయెడల దూతకు బదులు భటులనే పంపియుండవచ్చును గదా! వార్తయే చాలునని ఆమె ఎరుగును. అది పనిచేసెను. కర్మెలుమీద వణకనివాడు లేచి ప్రాణము దక్కించుకొనుటకు పారిపోయెను. కాబట్టి ఫోనులో నాలుగు మాటలకే ఇంత ఏడ్పా అని బిడ్డను మందలించుటకు ముందు ఈ అధ్యాయము చదువుకొనవలెను.

అతడు పారిపోయిన తీరును మెల్లగా చూడుడి. మొదట బెయేర్షెబాకు వచ్చి, తనతోనున్న పనివానిని అక్కడ విడిచిపెట్టెను. తరువాత ఒక దినపు ప్రయాణము అరణ్యములోనికి ఒంటరిగా పోయెను. అక్కడ బదరీవృక్షము క్రింద కూర్చుండి ఇక నా ప్రాణము తీసికొమ్మని దేవుని వేడెను. భయము, తరువాత ఒంటరితనము, తరువాత అలసట, ఆ పిమ్మట చావు తలంపు. బిడ్డల విషయములోను తరచుగా ఈ మెట్లే కనబడుచున్నవి. స్నేహితులను విడుచుట, అన్నము విడుచుట, నిద్ర పాడగుట, తనకిష్టమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టుట, నేను లేకపోయిన మీకు భారము తగ్గునని మాటలలో జారవిడుచుట. చేతులు కనబడకుండ ఎండలోను నిండు చొక్కా తొడుగుకొను బిడ్డ తన్ను తాను గాయపరచుకొనుచున్నదేమో మెల్లగా కనుగొనవలెను.

ఏలీయా పలికిన రెండు మాటలను గమనింపుడి. నా పితరులకంటె నేను మంచివాడను కాననెను. నేనొక్కడనే మిగిలితిననెను. తనమీద తనకు అసహ్యము, ఎవరును లేరను తలంపు. రెండవది నిజము కాదు. బయలుకు మోకరింపని 7,000 మంది ఆ దేశములోనే ఉండిరి. అయితే దేవుడు ఆ లెక్కను ఎప్పుడు చెప్పెను? చెట్టు క్రింద చెప్పలేదు. పద్దెనిమిదవ వచనమువరకు చెప్పలేదు. ఇక్కడనే మనము తప్పిపోవుచున్నాము. ఏడ్చుచున్న బిడ్డకు మొదటి మాటలోనే లెక్క చెప్పి, బుద్ధి చెప్పి, వాక్యము చెప్పి లేచిపోవుదుము.

దేవుడు మొదట నిద్రపోనిచ్చెను. తరువాత దూత వచ్చి అతని తట్టి లేపెను. నిప్పులమీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్లు తలయొద్ద ఉండెను. తిని మరల పండుకొనెను. లేపి అడుగలేదు, గద్దింపలేదు. రెండవమారు తట్టి, ప్రయాణము నీ శక్తికి మించినదని చెప్పి మరల తినిపించెను. ఎంత తల్లివంటి పని! ఆకలిగొని, నిద్రలేక, భయపడియున్నవానికి ప్రసంగము ఎక్కదని సృష్టికర్తకు తెలియును. పదునాలుగేండ్ల బిడ్డ విషయములో వైద్యులు చెప్పునదియు దీనికి దగ్గరగానే యున్నది. మెదడులో భయమును కోపమును పుట్టించు భాగము ముందుగా బలపడును. ఆగుము, ఆలోచింపుము అని పగ్గము పట్టు ముందుభాగము ఇరువదియైదేండ్ల ప్రాయమువరకు పండుచుండును. అందుచేత ఆ వయస్సులో దుఃఖము వానకాలపు వాగువలె ఒక్కసారిగా పొంగును. వాగు పొంగినప్పుడు దాటబోవువాడు కొట్టుకొనిపోవును. గట్టున కూర్చున్నవాడు ఒక జాములో తీసిపోవుట చూచును. బిడ్డను గట్టున కూర్చుండబెట్టుటయే మన పని.

అది ఎట్లు? కొన్ని చిన్న సంగతులు చెప్పెదను. ఆ గడియలో ఫోనుకు జవాబు వ్రాయవద్దు. ముఖమును చన్నీళ్లతో కడుగుకొని, ఊపిరి మెల్లగా విడుచుచు, ఆరుబయట కొంచెము నడువవలెను. తరువాత, నాకు సిగ్గుగా నున్నది, నాకు కోపముగా నున్నది, నాకు భయముగా నున్నది అని ఆ బాధకు పేరు పెట్టి ఒకరితో చెప్పవలెను. పేరు పెట్టిన బాధ కొంత లొంగును. మన కీర్తనకారులు చేసినదియు ఇదియే. తమ కన్నీటిని, కోపమును, పగను సహా దాచక దేవునియొద్ద చెప్పుకొనిరి. ఏడువకుము, మగవాడు ఏడ్చునా అని నోరు నొక్కి పెంచిన బిడ్డ లోలోపలనే ఉడుకును. హన్నా సంగతి తలంచుకొనుడి. పెనిన్నా ఏటేట విసికించుచుండగా ఆమె తినక ఏడ్చెను. భర్తయైన ఎల్కానా మంచివాడే గాని, పదిమంది కుమాళ్లకంటె నేను నీకు మేలు కానా అని తన్ను గూర్చియే చెప్పుకొనెను. యాజకుడైన ఏలీ ఆమె పెదవులు చూచి త్రాగియున్నదని తలంచెను. ఇంటి పెద్దయు గుడి పెద్దయు ఇద్దరును పొరబడిరి. అయినను ఆమె వివరించినప్పుడు ఏలీ తన మాట వెనుకకు తీసికొని సమాధానముగా పొమ్మనెను. కాపరులమైన మనకు అంతమాత్రపు వినయమైనను ఉండవలెను.

హోరేబునొద్ద దేవుడు ఇక్కడ నీకేమి పని అని ఏలీయాను రెండు మారులు అడిగెను. అతడు రెండు మారులును ఒకే మాట, దాదాపు అక్షరము పొల్లుపోకుండ చెప్పెను. దేవుడు విసుగుకొనక రెండు మారులును వినెను. బాధపడు బిడ్డ చెప్పినదే చెప్పును. చెప్పనిండు. అతడు తన మాట ముగించిన తరువాతనే చేయవలసిన పనియు, ఎలీషా అను తోడును, 7,000 మంది లెక్కయు వచ్చినవి.

నెహెమ్యా 6వ అధ్యాయములో మరియొక విధమైన వేధింపు కలదు. సన్బల్లటు నాలుగు మారులు వర్తమానము పంపి, అయిదవమారు తన పనివాని చేత విప్పియున్న పత్రిక పంపెను. పత్రికను చుట్టి ముద్రవేసి పంపుట ఆ కాలపు వాడుక. విప్పి పంపినయెడల దారిలో ప్రతివాడును చదువును. అదే అతని ఉద్దేశము. అందులో వ్రాసినదేమి? జనులందరు అనుకొనుచున్నారు, గెషెమును చెప్పుచున్నాడు అని. ఫార్వర్డు అయిన సందేశమునకు ఇంతకంటె పాత నమూనా నాకు కనబడలేదు. నెహెమ్యా రెండే పంక్తుల జవాబు ఇచ్చెను. నీవు చెప్పునది జరుగలేదు, నీ మనస్సునుండియే కల్పించితివి అనెను. వారు పిలిచిన ఓనో మైదానమునకు పోలేదు. తన చేతులు బలపరచుమని దేవుని వేడుకొని గోడపని సాగించెను. వాదమునకు దిగకుండుట పిరికితనము కాదని బిడ్డలకు ఈ అధ్యాయమునుండి చూపవచ్చును.

అయితే అన్నిటికి మౌనమే మందు కాదు. 2024 జూలైలో మన తెలుగువారి మధ్యనే ఒక సంగతి జరిగెను. ఒక తండ్రియు ఆయన చిన్న కుమార్తెయు ఉన్న వీడియోను చూపుచు, యూట్యూబులో పేరున్న ఒకడు తన తోటివారితో కలిసి నోట చెప్పరాని మాటలాడి నవ్వెను. సినిమా నటుడైన సాయి ధరమ్ తేజ్ దానిని బహిరంగముగా ఖండించి ప్రభుత్వము దృష్టికి తెచ్చెను. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టెను. కొలది దినములలోనే ఆ మనుష్యుని బెంగుళూరులో పట్టుకొనిరి. బాలల రక్షణకై 2012లో చేయబడిన పోక్సో చట్టమును ఐటీ చట్టమును అతనికి వర్తింపజేసిరి. అతనితోకూడ నవ్వినవారిమీదను కేసు వచ్చెను. నవ్వుట కూడ ఒక పని అని దీనివలన తెలియుచున్నది. గ్రూపులో నవ్వుబొమ్మ పెట్టిన మన పిల్లవాడు నేనేమియు వ్రాయలేదు గదా అని చెప్పి తప్పించుకొనలేడు.

ఆ పిల్లవానిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. 2018లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో 30 దేశములకు చెందిన 1,50,000 మందికి పైగా బాలబాలికలను, యౌవనస్థులను గూర్చిన లెక్కలను ఒకచోట చేర్చి చూచిరి. ఫోనులోను కంప్యూటరులోను వేధింపబడిన బిడ్డలు తమ్మును తాము గాయపరచుకొనుట, చావు ప్రయత్నము చేయుట ఇతరులకంటె రెండింతలకు మించియున్నదని తేలెను. వేధించిన బిడ్డలలోను ఆ అపాయము ఎక్కువగానే యుండెను. కాబట్టి వేధించువాడును రక్షింపవలసిన బిడ్డయే. అతడును మన ఆదివారపు బడి బల్లమీదనే కూర్చుండియుండవచ్చును. అతనిని కొట్టి పంపివేసినంతమాత్రమున పని తీరదు. ఇంటిలో అతనిని ఎవరు కొట్టుచున్నారో అదియు అడుగవలెను.

2022వ సంవత్సరమున మన దేశములో 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణము తామే తీసికొనిరని ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. పరీక్షలు, ఇంటి తగవులు, జబ్బులు, ప్రేమ వ్యవహారములు, అవమానములు, ఇట్లు అనేకములు కలిసి ఒక బిడ్డను క్రుంగదీయును. ఒక్క ఫోనుమీదనే తప్పు మోపుట సత్యము కాదు. ఇట్టి మరణము జరిగిన యింటిని గూర్చి గుసగుసలాడుట, సమాధి స్థలము విషయమై తగవు పెట్టుట కొన్ని చోట్ల ఇంకను ఉన్నది. ఇది యోబు స్నేహితుల పని. దేశపు చట్టమే 2017లో మారి, అట్టి ప్రయత్నము చేసినవాడు తీవ్రమైన బాధలో ఉండెనని ముందుగా తలంచి, అతనికి వైద్యమును ఆదరణయు ఇయ్యవలెనని చెప్పుచుండగా, సంఘము దానికంటె కఠినముగా ఉండదగునా?

చావు మాట మనము ఎత్తినయెడల బిడ్డకు లేని తలంపు పుట్టించినవారమగుదుమేమో అని కొందరు తల్లులు భయపడుదురు. అట్లు కాదు. ఏకాంతముగా కూర్చుండి, చనిపోవలెనని నీకు తోచుచున్నదా అమ్మా అని తిన్నగా అడుగుటవలన అపాయము పెరుగదని, అడిగినందుకు బిడ్డ బరువు దిగునని ఆ పని ఎరిగినవారు చెప్పుచున్నారు. అవునని చెప్పినయెడల ఆ రాత్రి ఆ బిడ్డను ఒంటరిగా విడువవద్దు. అపాయకరమైన వస్తువులను అందుబాటునుండి తీసివేయుడి. మరునాడు ప్రభుత్వ ఆసుపత్రికో మానసిక వైద్యునియొద్దకో తీసికొనిపొండి. ప్రార్థన చేయుడి, డాక్టరునొద్దకును పొండి. కాలు విరిగినప్పుడు రెండును చేయుచున్నాము గదా.

తలిదండ్రులు తరచుగా చేయు పొరబాటు ఒకటి. సంగతి తెలిసినవెంటనే ఫోను లాగుకొందురు, చదువు మాన్పింతురు, ఆడపిల్లయైనచో పెండ్లి మాట ఎత్తుదురు. బిడ్డకు ఇది ముందే తెలియును. అందుకే చెప్పదు. దెబ్బ తగిలినవారికే శిక్ష అని తెలిసిన తరువాత ఎవరు నోరు తెరచెదరు? మీకు ఫోను సంగతులు తెలియకపోయినను భయము లేదు, బిడ్డ ముఖము తెలిసిన చాలును. ఆస్ట్రేలియా దేశము 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లలోపు పిల్లలకు సామాజిక మాధ్యమముల ఖాతాలు ఉండరాదని చట్టము అమలుచేసెను. చట్టము ఎట్లున్నను, రాత్రివేళ ఇంటిల్లిపాది ఫోనులును, పెద్దలవి సహా, వంటింటిలో ఒక బుట్టలో పెట్టుట మన చేతిలోని పని.

ఫిలిప్పీ చెరసాలలో జరిగినది ఇప్పుడు చదువుకొందము. అర్ధరాత్రి భూకంపము కలిగి తలుపులు తెరచుకొనెను. చెరసాల నాయకుడు మేల్కొని చూచి, ఖైదీలందరు పారిపోయిరని తలంచి కత్తి దూసెను. అతని తలంపు తప్పు. ఒక్కరును పోలేదు. అయితే చీకటిలో అతనికి తెలియదు. అప్పుడు పౌలు బిగ్గరగా కేకవేసెను, హాని చేసికొనకుము, మేమందరము ఇక్కడనే ఉన్నామనెను. ఆ కేక వేసినవాడెవడు? ఆ నాయకుడు ఎవరి కాళ్లకు బొండ వేసి బిగించెనో అతడే. వీపుమీద దెబ్బలు ఆరకముందే పలికెను. నాయకుడు దీపములు తెమ్మని చెప్పి లోపలికి పరుగెత్తెను. ఆ గడియలోనే వారి గాయములు కడిగెను, ఆ రాత్రియే అందరును కూర్చుండి భోజనముచేసిరి.

పట్టణములోని మన బిడ్డలకు ఆ కేక వినబడునట్లు ప్రతి సంఘమును కొన్ని నంబర్లు దేవాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించవలెను. 14416 అను నంబరు టెలి మానస్. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ఆరంభించిన ఈ ఏర్పాటులో రాత్రింబగళ్లు తెలుగులో మాటలాడి ఆదరించువారు ఉందురు, రుసుము లేదు. 1098 ఆపదలోనున్న బాలలకు సంబంధించినది. ప్రాణాపాయము కనబడినప్పుడు 112. ఫోను మోసములకును సైబర్ నేరములకును 1930. ఆడపిల్లల వేధింపు విషయమై 2014లో హైదరాబాదులో మొదలైన షీ టీములు సైబరాబాదులోను పనిచేయుచున్నవి. ఫిర్యాదునకు పోవుటకు ముందు చెడు సందేశములను చెరిపివేయవద్దు. తేదీ కనబడునట్లు స్క్రీన్‌షాటు తీసి దాచి, తరువాత ఆ మనుష్యుని బ్లాకు చేయవలెను. ఈ పని రాని తలిదండ్రులకు యౌవనుల సమాజములోని అన్నలో అక్కలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట నేర్పవచ్చును.

స్త్రీల సమాజములో ఈ పాఠము చెప్పువారు మొదట 1 రాజులు 19:1–8 మాత్రము నెమ్మదిగా చదివించి ఆగవలెను. ఏలీయాకు రొట్టె కాల్చిన దూత పని మన యింట ఎవరు చేయుచున్నారని అడిగి, సభ్యులు చెప్పుకొనుటకు సమయమియ్యవలెను. ఆ వారములోనే, హాస్టలులో ఉన్న బిడ్డకు మార్కులను గూర్చి గాక, నిద్రపట్టుచున్నదా, ఎవరితో కలిసి తినుచున్నావు అని అడుగుటకు ప్రతి తల్లియు ఒక ఫోను చేయవలెను.